ఇల్లు విడిచి పారిపోయే పిల్లల కథను రాయడం ఎలా

ఇంట్లో హింస భరించలేక పారిపోయే పిల్లల గురించి కథ గానీ నవల గానీ రాయదలచినవారు కలం పట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ పిల్లల మీద పాఠకుడికి జాలి పుట్టించడం మన పనా, లేక వాళ్ళ ఆలోచనలోకి పాఠకుణ్ణి తీసుకువెళ్ళడం మన పనా అన్నదే ఆ సంగతి. జాలి పుట్టించడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. వీపు మీద ఒక వాత, చిరిగిన ఒక గౌను చాలు. అయితే జాలిపడే పాఠకుడు అరుగు మీద కూర్చుని వీధిలో పోయే బిడ్డను చూస్తాడు తప్ప ఆ బిడ్డతో కలిసి నడవడు. కొట్టే ఇంట్లో పెరుగుతున్న బిడ్డ పొద్దున లేచింది మొదలు లెక్కలు వేస్తూనే ఉంటుంది. నాన్న ఏ వేళకు వస్తాడు, ఏ మాటకు కోపం తెచ్చుకుంటాడు, అమ్మ ఎక్కడ నిలబడితే దెబ్బ తప్పుతుంది, తమ్ముణ్ణి ఏ గదిలో పడుకోబెట్టాలి, ఇవన్నీ ఆ లెక్కలే. ఇంట్లో ఆ లెక్కే ప్రాణం కాపాడుతుంది. గడప దాటాక అదే లెక్క తప్పుతుంది. తప్పిన లెక్కను ఆ బిడ్డ ఎలా దిద్దుకుందో చెప్పేదే ఎదుగుదల కథ. రైలు, రాత్రి, ఆకలి అన్నీ దాని తరువాతే.

చెప్పుకోవడానికి వీలుగా ఒక కథను అనుకుందాం. సామర్లకోట దగ్గర ఒక ఊరు, పద్నాలుగేళ్ళ అక్క, తొమ్మిదేళ్ళ తమ్ముడు, తాపీపని చేసే తండ్రి, బడిలో వంట చేసే తల్లి. పిల్లలు రైలెక్కి విజయవాడ చేరతారు. ఇంతకు మించిన కల్పన ఇప్పుడు అక్కరలేదు.

ఇంటిని చెవులతో రాయాలి

చాలామంది కథను పారిపోయే రాత్రితో మొదలుపెట్టి, ఇంటి సంగతులను మధ్యమధ్య జ్ఞాపకాలుగా తెస్తారు. ఈ పద్ధతి వద్దని నా సలహా. ఇల్లు పాఠకుడికి అలవాటు కాకముందే పిల్లలు దాన్ని విడిచిపెడితే, వాళ్ళు దేన్ని విడిచిపెట్టారో పాఠకుడికి తెలియదు. నవలలో మూడో వంతు దాకా ఇంట్లోనే గడిపినా తప్పులేదు.

ఆ ఇంటిని కంటితో కాక చెవితో రాయండి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకు చప్పుళ్ళు ఒక భాషలాంటివి. బండి స్టాండు వేసిన తీరును బట్టి తండ్రి బెల్టు షాపు దగ్గర ఎంతసేపు ఆగాడో అక్కకు తెలుస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడా, లోపలి దాకా వేసుకునే వచ్చాడా అన్నది రెండో గుర్తు. కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద కలిపేటప్పుడు మౌనంగా ఉంటే మూడో గుర్తు. ఈ మూడు గుర్తులనూ ఒక మామూలు రోజున, ఏ గొడవా జరగని రోజున, పాఠకుడికి నేర్పండి. అప్పుడు పదో పేజీలో స్టాండు చప్పుడు ఒక్కటి వినిపిస్తే చాలు, పాఠకుడి గుండె కూడా అక్క గుండెతో పాటే ఆగుతుంది. "ఆమెకు భయం వేసింది" అని రాయవలసిన అవసరం ఇక ఉండదు.

దెబ్బల దృశ్యాన్ని పూర్తిగా ఒక్కసారే రాయండి. మిగిలినవన్నీ ఆనవాళ్ళుగా మాత్రమే కనిపించాలి. ఎండాకాలంలో పొడుగు చేతుల జాకెట్టు, బడిలో బెంచీకి ఆనుకోకుండా కూర్చున్న పిల్లవాడు, గోడ మీద కొత్తగా పడిన సొట్ట మీదికి జరిపిన క్యాలెండరు సరిపోతాయి. పదేపదే రాసిన దెబ్బ పాఠకుణ్ణి మొద్దుబారుస్తుంది. అంతకన్నా చెడ్డ సంగతి ఏమిటంటే, కొంత దూరం పోయాక పాఠకుడు తరువాతి దెబ్బ కోసం ఎదురుచూడడం మొదలుపెడతాడు. లైంగిక హింస ప్రసక్తి వస్తే ఆ ఘటనను పేజీ మీదికి తేవద్దు. అది జరిగాక ఆ బిడ్డ స్నానానికి ఎంతసేపు తీసుకుందో, ఏ మనిషి పేరు వినగానే మాట మార్చిందో రాయండి. ఈ విషయంలో రచయితకు స్వేచ్ఛ ఉందని వాదించేవారితో నేను ఏకీభవించను.

తండ్రిని రాక్షసుడిగా రాయవద్దు. నేను చాలా ఏళ్ళ కిందట ఇలాంటి కథ రాసినప్పుడు ఆ తప్పే చేశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కొట్టడం తప్ప అతనికి మరో పని లేకపోయింది. చదివిన ఒక పెద్దావిడ, "ఇంత చెడ్డవాడైతే పిల్లలు మొదటి రోజే పారిపోయేవాళ్ళు కదమ్మా, ఇన్నేళ్ళు ఎందుకు ఆగారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా కథలో జవాబు లేదు. జీతం వచ్చిన శనివారం ఆ తండ్రి వేడి పకోడీల పొట్లం తెస్తాడు. తమ్ముడికి జ్వరం వస్తే భుజాన వేసుకుని ఆసుపత్రి దాకా నడుస్తాడు. ఆ భుజం మీద తమ్ముడు నిద్రపోతాడు. అక్క లెక్క కష్టమయ్యేది అక్కడే, ఎందుకంటే రేపు వచ్చేది ఏ నాన్నో ఆమె చెప్పలేదు. చీకటి కథలో అసలైన చీకటి ఆ పకోడీల పొట్లంలో ఉంటుంది.

హింసకు తాగుడు ఒక్కటే కారణమని రాయడం కూడా తేలిక దారే. మన చరిత్రలోనే దీనికి మంచి సందర్భం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు, 1993లో సారాను నిషేధించారు, 1995 నుంచి 1997 దాకా సంపూర్ణ మద్యనిషేధం నడిచింది. ఆ రెండేళ్ళ కాలంలో కథ పెట్టుకుని, సీసా దొరకని ఇంట్లో కూడా చెయ్యి లేస్తూనే ఉందని ఆ పిల్ల గమనించినట్టు రాస్తే, తాగుడు మీద పెట్టుకున్న నమ్మకం కూలిపోవడమే ఆ పిల్ల మొదటి ఎదుగుదల అవుతుంది. "తాగకపోతే మా నాన్న మంచోడు" అన్న మాటను ఆమె ఎన్నిసార్లు చెప్పుకుందో, చివరిసారి ఎప్పుడు చెప్పుకుందో చూపించండి.

తల్లి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆమె ఎందుకు వెళ్ళిపోలేదన్న ప్రశ్నను పాఠకుడు ఎలాగూ అడుగుతాడు, కాబట్టి రచయిత ఆమెను దోషిగా నిలబెట్టవలసిన పని లేదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. చట్టం ఉన్నా, పుట్టింటికి వెళితే తమ్ముడి భార్య రెండో రోజే ఏమంటుందో ఆ తల్లికి తెలుసు. ఆమెకూ ఒక లెక్క ఉంది. పిల్లలకు ఆ లెక్క సగమే కనిపిస్తుంది. మిగతా సగాన్ని వాళ్ళు చాలా కాలం తరువాత గానీ అర్థం చేసుకోరు. ఇరుగుపొరుగు గురించి ఎక్కువ రాయకండి. పక్కింట్లో టీవీ శబ్దం పెరిగిందన్న ఒక్క వాక్యం వాళ్ళ గురించి అంతా చెబుతుంది.

గడప దాటే రోజు

పారిపోయేది అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తిన్న రోజున కాకూడదు. ఆ రోజున పిల్లలకు లేచి నిలబడే ఓపిక ఉండదు, ఆలోచన అసలే సాగదు. పారిపోవడం ఒక నిర్ణయం కాబట్టి దానికి చిన్నదైనా తిరుగులేని కారణం కావాలి. మనం అనుకున్న కథలో నేనైతే తమ్ముడు ఏడవడం మానేసిన రోజును ఎంచుకుంటాను. తండ్రి చెయ్యి ఎత్తగానే ఆ పిల్లవాడు పారిపోకుండా, అరవకుండా, కళ్ళు గోడ వైపు తిప్పుకుని నిలబడతాడు. అలా నిలబడడం అక్కకు తెలిసిన విద్యే. ఆమెకు ఎవరూ నేర్పలేదు, తమ్ముడికి ఆమె నేర్పలేదు. అయినా వాడికి వచ్చేసింది. ఆ రాత్రి ఆమె సంచి సర్దుతుంది.

సంచిలో ఏముందో వివరంగా రాయండి, ఎందుకంటే అక్కడ బిడ్డ మనసు కనిపిస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్ల అవసరమైనవీ అవసరం లేనివీ కలిపి సర్దుతుంది. రెండు జతల బట్టలు, బడి గుర్తింపు కార్డు, తమ్ముడు రాత్రి పట్టుకుని పడుకునే పాత టవలు, సగం రాసిన లెక్కల నోటు పుస్తకం. దుప్పటి మరచిపోతుంది. డబ్బు కోసం ఆమె పోపుల డబ్బా అడుగున అమ్మ దాచిన నోట్లు తీస్తుంది. ఈ కథలో ఆమె చేసిన మొదటి తప్పు తనను కొట్టిన మనిషి మీద కాక కొట్టని మనిషి మీద చేసినదై ఉండాలి. అమ్మ ఆ డబ్బును దేనికోసం దాచిందో అప్పుడే చెప్పవద్దు. నవల చివరికి వచ్చేసరికి, అమ్మ కూడా రైలు టికెట్టు కోసమే దాచిందేమోనన్న అనుమానం అక్కకు కలిగితే చాలు, దాన్ని నిర్ధారించవలసిన పని లేదు.

టికెట్టు కిటికీ దగ్గర కాసేపు ఆగండి. అయిదేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకు జనరల్ పెట్టెలో సగం చార్జీ. "విజయవాడకి ఒక ఫుల్లు, ఒక హాఫు" అని అడగడం ఆ అక్కకు జీవితంలో మొదటిసారి. అప్పటిదాకా ఆ మాట పెద్దవాళ్ళు అనేది, ఆమె కోసం హాఫు తీసుకునేవారు. ఇప్పుడు ఫుల్లు తనే. ఆమె పెద్దదైపోయిందని రచయిత వేరే చెప్పనక్కరలేదు. రాజమండ్రి దాటి గోదావరి వంతెన మీదికి రైలు రాగానే, పక్కన కూర్చున్న ముసలమ్మ నదిలోకి రూపాయి విసిరి దండం పెట్టుకుంటుంది. తమ్ముడు ఆ రూపాయి వైపే చూస్తాడు, ఎందుకంటే వాడు అప్పటికే చేతిలో మిగిలిన చిల్లర నాలుగుసార్లు లెక్కపెట్టాడు. కథ పాతకాలంలో జరిగితే వంతెన కూడా ఆ కాలానిదే కావాలి. హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1997 దాకానే నడిచాయి. ఇలాంటి చిన్న తప్పు ఒకటి కనబడితే ఆ దారిలో రోజూ తిరిగే పాఠకుడు మిగతా కథను కూడా నమ్మడు.

స్టేషనులో తప్పిన లెక్క

ఈ నవలకు కీలకం ఇక్కడ ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. ఇంట్లో అక్క నేర్చుకున్నది కోపాన్ని కనిపెట్టే విద్య. కనుబొమలు ముడిపడితే, గొంతు పెరిగితే, అడుగు బరువుగా పడితే ప్రమాదమని ఆమెకు తెలుసు. విజయవాడ ప్లాట్‌ఫామ్ మీద ఆమెకు ఇద్దరు ఎదురవుతారు. ఒకరు రైల్వే రక్షణ దళం కానిస్టేబులు. ఆవిడ మొహం చిట్లించుకుని, గట్టి గొంతుతో, "ఎవరమ్మా మీతో వచ్చింది? మీ పెద్దాళ్ళేరి?" అని అడుగుతుంది. మరొకరు నడివయసు మనిషి. అతని మొహంలో కోపం మచ్చుకైనా లేదు. టీ ఇప్పిస్తాడు, తమ్ముడికి బన్ను కొనిపెడతాడు, ఎక్కడా గొంతు పెంచడు. ఆమె లెక్క ప్రకారం కానిస్టేబులు ప్రమాదం, ఆ మనిషి క్షేమం. ఆమె తెలివితక్కువ పిల్ల కాదు. తనకు తెలిసిన విద్యను తూచా తప్పకుండా వాడింది. అదే విద్య ఆమెను ముంచింది. పాఠకుడు ఆమె కన్నా ముందే ప్రమాదాన్ని పసిగట్టినా ఆమెను తప్పుపట్టలేని స్థితిలో ఉండాలి. అందుకే ఇంటి భాగాన్ని అంత ఓపికగా రాయమన్నాను.

పిలుపులు ఇక్కడ చాలా పని చేస్తాయి. తెలుగులో పరాయి ఆడపిల్లను కూడా "అమ్మా" అని పిలుస్తాం, పరాయి మగవాణ్ణి బాబాయ్ అనో అన్నయ్య అనో అంటాం. ఆ మనిషి "ఏమ్మా, అన్నం తిన్నావా?" అంటాడు. ఇంట్లో "ఏయ్" తప్ప మరో పిలుపు ఎరగని పిల్లకు ఆ ఒక్క పిలుపు ఎంత బరువో ఆలోచించండి. ఆమె అతన్ని మొదట "మీరు" అంటుంది, రెండో రోజుకు "బాబాయ్" అంటుంది. వరస కలిసిన చోట అడగడానికి మొహమాటం పుడుతుంది, కాదనడానికి అంతకన్నా ఎక్కువ మొహమాటం పుడుతుంది. మోసం చేసేవాళ్ళు వాడుకునేది ఆ మొహమాటాన్నే. తమ్ముడు మాత్రం అతన్ని ఏమనీ పిలవడు. ఆ తేడాను ఎత్తి చూపకుండా వదిలేయండి, శ్రద్ధగా చదివేవారికి అందుతుంది.

ఆ మనిషి చేతిలో ఏం జరగబోయిందో పూర్తిగా జరగనివ్వాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ప్రమాదం అంచు దాకా వెళ్ళి, తమ్ముడి మొండితనం వల్ల తప్పిపోయినా కథ చీకటి తగ్గదు. స్టేషను బతుకులో మిగిలిన వివరాలు క్లుప్తంగా సరిపోతాయి: చొక్కా విప్పి పెట్టెలో నేల తుడిచి చెయ్యి చాపే పిల్లలు, ఖాళీ నీళ్ళ సీసాల గోతాం, మత్తు కోసం గుడ్డ మీద వైట్‌నర్ పోసుకుని పీల్చే పెద్ద కుర్రవాడు. ఆ కుర్రవాణ్ణి విలన్‌గా చూపవద్దు. కానిస్టేబుళ్ళు ఎప్పుడు వస్తారో, ఏ పంపు నీళ్ళు తాగవచ్చో అక్కాతమ్ముళ్ళకు చెప్పేది అతనే కావచ్చు.

చట్టం తెలియకుండా రాయవద్దు

కథ ఏ ఏడాదిలో జరుగుతుందో ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే ఇలాంటి పిల్లల చుట్టూ ఉన్న వ్యవస్థ కాలాన్ని బట్టి మారింది. పిల్లల సహాయానికి 1098 నంబరు 1996లో ముంబైలో మొదలైంది. అంతకు ముందటి కథలో గోడ మీద ఆ నంబరు ఉండకూడదు. ఇప్పటి కథ అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ఒంటరిగా దొరికిన బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఆ సమితిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. మొదటిసారి హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతుంది. పిల్లల అభిప్రాయాన్ని కూడా పరిగణించాలి.

ఈ వివరాలను పాఠంలా చెప్పకండి, వాటిలోంచి కథను తీయండి. రెండు చోట్ల గొప్ప బలం ఉంది. మొదటిది, తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు మీద కేసు నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన కథలో ఆ ఫిర్యాదు ఇచ్చేది తండ్రే. కాగితం మీద అతను బిడ్డలను పోగొట్టుకున్న మనిషి. పోలీసు స్టేషనులో అతను నిజంగానే ఏడుస్తాడు. ఆ ఏడుపు అబద్ధం కాదని కూడా రాయండి. రెండోది ఇంకా కఠినమైనది. బాలల గృహాలు సాధారణంగా ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరుగా ఉంటాయి. "నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళను" అని రైల్లో మాట ఇచ్చిన అక్కను, కాపాడడానికి వచ్చినవాళ్ళే తమ్ముడి నుంచి వేరు చేసే పరిస్థితి వస్తుంది. అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉద్యోగులు పని ఒత్తిడితో అలసిపోయి ఉండవచ్చు, ఒక సభ్యురాలు ఓపికగా వినవచ్చు, మరొకరు "తండ్రి కొట్టకుండా పెంచుతాడా" అనవచ్చు. వాళ్ళను దేవతలుగానూ చేయవద్దు, దుర్మార్గులుగానూ చేయవద్దు.

నిజంగా జరిగిన ఉదంతం మీద ఆధారపడి రాస్తున్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా ప్రచురించడాన్ని అదే చట్టంలోని 74వ సెక్షను నిషేధిస్తుంది. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు మార్చండి, తండ్రి పని మార్చండి, పిల్లల సంఖ్య మార్చండి. మీకు ఆ కథ చెప్పిన మనిషి ఇప్పుడు పెద్దవాడైనా, అచ్చుకు ముందు ఒకసారి చదివి వినిపించి, వద్దన్న భాగాన్ని తీసేయండి. ఎంత మంచి భాగమైనా సరే తీసేయండి.

గొంతు, ముగింపు, దిద్దుబాటు

అక్క గొంతుతో "నేను" అని రాస్తే వయసు దాటిన మాట ఒక్కటి కూడా రాకూడదు. "హింస", "బాల్యం", "గాయపడిన మనసు" లాంటి మాటలు ఆ పిల్ల నోట రావు. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చెబుతున్నట్టు రాస్తే అవి రావచ్చు. అప్పుడు కూడా, చిన్నప్పటి తనకు తెలిసినదేదో, ఇప్పుడు తెలిసినదేదో విడివిడిగా ఉంచాలి. సంభాషణలు ఆ ప్రాంతపు యాసలో ఉంటే బాగుంటుంది, కానీ మీరు పెరగని యాసను తెచ్చిపెట్టుకోవద్దు. అలా అయితే కథనే మీరు పెరిగిన చోటికి, కాజీపేటకో గుంతకల్లుకో, మార్చుకోండి. రైలు అక్కడా ఆగుతుంది.

తండ్రి మారిపోయి క్షమాపణ అడిగే ముగింపు వద్దు. పిల్లల్లో ఒకరిని చంపి కన్నీళ్ళు రాబట్టే ముగింపు అంతకన్నా వద్దు. మొదటి అధ్యాయంలో అక్క అన్నానికి ఎప్పుడూ తలుపు కనబడేలా గోడకు ఆనుకుని కూర్చుంటుందని రాసి ఉంటే, చివర్లో ఆ అలవాటును వెతకండి. బాలల గృహంలో భోజనాల వేళ ఎవరో పిలిస్తే ఆమె తలుపుకు వీపు పెట్టి కూర్చుంటుంది, సగం అన్నం తిన్నాక గానీ ఆ సంగతి గమనించదు. గమనించాక లేచి చోటు మారుతుందో లేదో మీ కథను బట్టి మీరే నిర్ణయించుకోవాలి. నాకు మాత్రం మారుతుందనే అనిపిస్తుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక రెండు రంగుల పెన్నులు తీసుకుని మళ్ళీ చదవండి. ఆ బిడ్డ చూసిన, విన్న, లెక్కవేసిన వాక్యాల కింద ఒక రంగు గీత, మీరు బిడ్డ మీద జాలిపడి రాసిన వాక్యాల కింద మరో రంగు గీత గీయండి. రెండో రంగు వాక్యాలను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ, కొట్టేసిన ప్రతిసారీ ఆ పేరాను బయటికి చదవండి. ఆ వాక్యం లేక అర్థం చెడిపోయిన చోట దాన్ని తిరిగి పెట్టకుండా, ఆ సమయంలో ఆ గదిలో వినిపించిన చప్పుడు ఒకటి రాయండి.